ముందు బ్రేకు సంగతి చూడండి

ప్రశ్నలు - జవాబులు

అచ్చం నిజం కారులా నడిచే రేసింగ్ గేముల గురించి ఈసారి చాలా ఉత్తరాలొచ్చాయి. ఎక్కువమంది బాధ ఒకటే కాబట్టి మొదటి జవాబు కాస్త పొడుగైంది. అది ఓపిగ్గా చదివితే మిగతా సందేహాలు సగం అక్కడే తీరిపోతాయి.

ప్రశ్న: చిన్నప్పటి నుంచీ నీడ్ ఫర్ స్పీడ్, ఆస్ఫాల్ట్ ఆడుతున్నాను. మా హాస్టల్లో నన్ను ఓడించినవాడు లేడు. మొన్న సేల్‌లో అసెట్టో కోర్సా కొని, ఫెరారీ తీసుకుని, మోంజా ట్రాక్ మీద దిగాను. మొదటి మలుపులోనే కారు గిర్రున తిరిగిపోయింది. ఎన్నిసార్లు ఆడినా అదే తంతు. లోపం గేములో ఉందా, నాలోనా?
- బీటెక్ విద్యార్థి, విశాఖపట్నం

జవాబు: గేము బాగానే ఉంది, మీరూ బాగానే ఉన్నారు. ఇన్నాళ్లూ మీరు ఆడినవి యాక్సిలరేటర్ గేములు. వాటిలో గోడకు రాసుకుంటూ పోయినా మొదటి స్థానం వస్తుంది. ఇది బ్రేకు గేము. 2014లో ఇటలీకి చెందిన కూనోస్ సిములాజియోనీ వాళ్లు దీన్ని పూర్తిస్థాయిలో విడుదల చేశారు. వాళ్ల ఆఫీసు రోమ్ దగ్గర వల్లెలుంగా రేస్ ట్రాక్‌లోనే ఉండేది. అలాంటి చోట కూర్చుని తయారుచేసినవాళ్లు టైరు విషయంలో మొహమాటపడతారా?

ఒక్కో టైరు రోడ్డును తాకేది అరచెయ్యంత మేరే. ఆ కాస్త జాగాలో ఉన్న పట్టు నెల జీతం లాంటిది. బ్రేకుకి ఎంత ఖర్చు పెడితే మలుపుకి అంత తగ్గుతుంది. మీరు చేస్తున్నదేమిటంటే, కిలోమీటరుకు పైగా ఉన్న తిన్నని దారిలో గంటకు 250 దాటించి, కుడి ఎడమలుగా మెలికపడే రెట్టిఫిలో మలుపు దగ్గర బ్రేకు మీద నిలబడి, అదే క్షణంలో స్టీరింగూ తిప్పుతున్నారు. బ్రేకు పడగానే కారు బరువు ముందుకి ఒరుగుతుంది, వెనక టైర్లు తేలికవుతాయి. సరిగ్గా అప్పుడే తిప్పితే వెనకభాగం ముందుభాగాన్ని దాటిపోవాలని చూస్తుంది. దానికి తోడు మొదటి ల్యాపులో టైర్లు ఇంకా చల్లగా ఉంటాయి. చల్లటి టైరుకు పట్టు తక్కువ. ఈ గేము అదీ లెక్కలోకి తీసుకుంటుంది.

ఫెరారీని కొన్నాళ్లు గ్యారేజీలో పెట్టేయండి. అదే గేములో అబార్త్ 500 అని ఓ బుల్లి కారుంది. ముందు చక్రాలతో నడిచే కారు కాబట్టి అంత తేలిగ్గా గిర్రున తిరిగిపోదు. మాజియోనే అని రెండున్నర కిలోమీటర్ల చిన్న ట్రాక్ కూడా ఉంది. ఆ కారు, ఆ ట్రాక్, అంతే. వారం రోజులు ఇంకోటి ముట్టుకోవద్దు. విసుగొచ్చేంత నెమ్మదిగా మొదలుపెట్టండి. కారు తిన్నగా ఉండగానే బ్రేకు వేయండి. ముందు గట్టిగా తొక్కి, వేగం తగ్గేకొద్దీ వదులుతూ రండి. వదిలాక తిప్పండి. స్టీరింగు తిరిగి నిటారవుతున్నప్పుడు మాత్రమే యాక్సిలరేటర్ మీద కాలు పెట్టండి. కారు తిరగకుండా ముందుకే పోతోందనిపిస్తే ఇంకా తిప్పాలని చెయ్యి లాగుతుంది. తిప్పకండి. ముందు టైర్లు జారుతున్నప్పుడు స్టీరింగు కాస్త సడలిస్తేనే పట్టు తిరిగొస్తుంది. ఈ ఒక్క సంగతి చేతికి ఎక్కడానికే చాలామందికి నెలలు పడుతుంది.

బ్రేకు ఎక్కడ వేయాలో గుర్తుకి ట్రాక్ పక్కన దూరం చెప్పే బోర్డు, గోడ మీద రంగు, ఏదో ఒకటి ఎంచుకోండి. ఆ గుర్తుకి ముందే వేసి చూడండి. కారు సునాయాసంగా తిరిగితే మరుసటి ల్యాపులో కొద్ది మీటర్లు ఆగి వేయండి. రోడ్డు మీద దారి చూపించే రంగుల గీతను మొదట్లో పెట్టుకోండి గానీ త్వరగా తీసేయండి. అది ఉన్నంతకాలం మీ చూపు గీత మీదే ఉంటుంది, రాబోయే మలుపు మీదకు పోదు. ఏబీఎస్, ట్రాక్షన్ కంట్రోల్ 'ఫ్యాక్టరీ' అని పెడితే అసలు కారుకు ఏముంటే అదే ఉంటుంది. ఆటోమేటిక్ గేర్లు వాడుకుంటే చిన్నతనమేమీ కాదు. స్టెబిలిటీ కంట్రోల్ మాత్రం తీసేయండి. మీ తప్పుల్ని అది దిద్దేస్తుంటే మీకు తప్పు తెలియదు.

ప్రశ్న: మంచి స్టీరింగ్ సెట్టు లేకుండా ఇవి ఆడలేమని స్నేహితులు అంటున్నారు. నిజమేనా? కొంటే ఏది కొనాలి?
- ప్రైవేటు ఉద్యోగి, కరీంనగర్

జవాబు: సగం నిజం. కీబోర్డుతో అయితే వద్దే వద్దు. మీట నొక్కితే పూర్తి బ్రేకు, వదిలితే సున్నా, మధ్యలో ఏమీ ఉండదు. గేమ్‌ప్యాడ్‌తో మాత్రం హాయిగా ఆడొచ్చు. ప్లేస్టేషన్ ఉంటే గ్రాన్ టురిస్మో 7 దానితోనే మొదలుపెట్టండి. అందులో లైసెన్సు పరీక్షలుంటాయి, బయల్దేరి గీసిన గడి లోపల కారు ఆపడం దగ్గర్నుంచి నేర్పుతాయి. వాటిని దాటేసి పోటీల్లోకి దూకేవాళ్లే ఎక్కువ. మీరు అలా చేయకండి.

రెండు మూడు నెలల తర్వాత కూడా సరదా తగ్గకపోతే అప్పుడు స్టీరింగు. లాజిటెక్ జీ29 లాంటివి లోపల పళ్ల చక్రాలతో పనిచేస్తాయి. కాస్త కటకటమంటాయి గానీ గట్టివి, పాతవి కూడా దొరుకుతాయి. రెండున్నర చుట్లు తిరుగుతాయి, అంటే 900 డిగ్రీలు. ప్లేస్టేషన్‌కు జీ29, ఎక్స్‌బాక్స్‌కు జీ920, కంప్యూటర్‌కు రెండూ పనిచేస్తాయి. ఒకదాని బదులు ఇంకోటి తెచ్చుకుని తల పట్టుకోకండి. ఆపైన బెల్టువి, ఇంకా పైన మోటారు ఇరుసుకే స్టీరింగు బిగించిన డైరెక్ట్ డ్రైవ్‌వి. ఇవి బలంగా తిప్పుతాయి. గోడను గుద్దబోతున్నారని తెలిస్తే చేతులు వదిలేయండి, బొటనవేళ్లు చువ్వల మధ్య ఇరికించి పట్టుకోకండి.

చేతిలో డబ్బు పరిమితంగా ఉంటే నేనైతే స్టీరింగు మామూలుది తీసుకుని పెడల్స్ మీద పెడతాను. కాలు ఎంత దూరం వెళ్లిందో కాకుండా ఎంత బలంగా తొక్కారో కొలిచే బ్రేకులున్నాయి, లోడ్ సెల్ అంటారు. కాలికి గుర్తుండేది ఆ బలమే. ఒక హెచ్చరిక: చక్రాల ఆఫీసు కుర్చీలో కూర్చుంటే గట్టిగా బ్రేకు వేసిన ప్రతిసారీ కుర్చీ వెనక్కి పోతుంది. పాత బూట్ల జతల్లో ఆ చక్రాలు దించితే కదలదు. చూడ్డానికి నవ్వొస్తుంది, పని మాత్రం జరుగుతుంది.

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ రెండో సంవత్సరం. సినిమా చూసినప్పటి నుంచీ గేమ్ ఆడి రేసర్ అవుతానంటున్నాడు. స్టీరింగ్ సెట్టు కొనమని అలక. ఈఏపీసెట్ దగ్గర పడుతోంది. ఏం చెప్పమంటారు?
- ఒక తల్లి, రాజమహేంద్రవరం

జవాబు: అమ్మా, 2023లో వచ్చిన 'గ్రాన్ టురిస్మో' సినిమా గురించే అనుకుంటాను. అందులోని కుర్రాడు నిజంగా ఉన్నాడు. జాన్ మార్డెన్‌బరో, బ్రిటన్ వాడు. నిస్సాన్, ప్లేస్టేషన్ కలిసి నడిపిన జీటీ అకాడమీ పోటీని 2011లో పందొమ్మిదేళ్లకు గెలిచాడు. 2013లో లె మాన్ 24 గంటల రేసులో తన తరగతిలో జట్టుతో కలిసి మూడో స్థానంలో నిలిచాడు. కాబట్టి మీ అబ్బాయిది వట్టి కలేనని కొట్టిపారేయకండి, కొట్టిపారేస్తే వాడి దగ్గర మీ మాటకు విలువ పోతుంది. మిగతా సగం కూడా వాడికి చెప్పండి. ఆ అకాడమీ మూతపడి ఏళ్లయింది. గెలిచినవాళ్లను నిస్సాన్ ఖర్చు పెట్టి తయారుచేసింది, ఇంట్లో కూర్చుని ఎవరూ రేసరైపోలేదు. సినిమాలో లె మాన్‌కు ముందే జరిగినట్టు చూపించిన ఘోర ప్రమాదం నిజానికి 2015లో, అంటే లె మాన్ తర్వాత రెండేళ్లకు జరిగింది. అందులో ఒక ప్రేక్షకుడు చనిపోయాడు. కథ కోసం దాన్ని ముందుకు జరిపారు.

అసలు రేసింగుకు మెట్లు వేరే. మన దేశంలో మోటార్ స్పోర్ట్స్ సమాఖ్య ఎఫ్ఎంఎస్‌సీఐ ఇచ్చే లైసెన్సు ఉండాలి. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై, కోయంబత్తూరు, గ్రేటర్ నోయిడా లాంటి చోట్ల ట్రాకులున్నాయి. చాలామంది మొదలుపెట్టేది కార్టింగుతో. పరీక్షలయ్యాక ఒక ఆదివారం వాడిని కార్టింగుకి తీసుకెళ్లండి. మెడ, చేతులు ఎలా నొప్పెడతాయో ఒక్క రోజులో తెలుస్తుంది. తిరిగొచ్చాక కూడా అదే మాట మీదుంటే అప్పుడు కూర్చుని మాట్లాడుకోవచ్చు.

సెట్టు మాత్రం ఇప్పుడొద్దు. రోజుకో అరగంట గేమ్‌ప్యాడ్‌తో ఆడుకోనివ్వండి. ఈ గేముల్లో ఒక్కో పోటీ చాలావరకు పదిహేను ఇరవై నిమిషాల్లో అయిపోతుంది కాబట్టి 'ఒక్క రేసు' అనే లెక్క ఇద్దరికీ కుదురుతుంది. మధ్యలో ఆపమంటే మాత్రం గొడవే, అందుకని మొదలుపెట్టకముందే చెప్పండి.

ప్రశ్న: పది నిమిషాలు ఆడితే చాలు, కళ్లు తిరిగి వాంతి వచ్చేలా ఉంటోంది. నిజం కారు గంటల తరబడి నడుపుతాను, ఏమీ కాదు. ఇక్కడ ఎందుకిలా?
- సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, డాలస్

జవాబు: కళ్లేమో వేగంగా పోతున్నామంటాయి, చెవి లోపలి భాగం మాత్రం కదల్లేదంటుంది. ఆ తగువు వల్లే వికారం. ఎక్కువసార్లు దీనికి కారణం చూపు కోణం సరిగ్గా పెట్టుకోకపోవడం. కోణం మరీ వెడల్పుగా ఉంటే వేగం ఎక్కువున్నట్టు అనిపిస్తుంది, అంచుల్లో దృశ్యం సాగిపోతుంది, మలుపు దూరం కూడా తప్పుగా తోస్తుంది. 27 అంగుళాల మానిటర్ వెడల్పు సుమారు 60 సెంటీమీటర్లు. కళ్లకు అంతే దూరంలో పెట్టుకుంటే సరైన కోణం అడ్డంగా 53 డిగ్రీల దగ్గర, నిలువుగా 31, 32 దగ్గర వస్తుంది. ఏ గేము అడ్డం కొలత అడుగుతుందో, ఏది నిలువుది అడుగుతుందో చూసుకోండి. అసెట్టో కోర్సా నిలువుది అడుగుతుంది. మొదట్లో కిటికీ సందులోంచి చూస్తున్నట్టు ఇరుకుగా ఉంటుంది, రెండు మూడు రోజుల్లో అలవాటవుతుంది.

కెమెరా ఊగడం, కదిలేటప్పుడు దృశ్యం మసకబారడం పూర్తిగా తీసేయండి. గదిలో లైటు వేసి ఉంచండి, మొహానికి ఫ్యాను గాలి తగలనివ్వండి. వికారం మొదలవగానే లేచిపోవాలి, ఓర్చుకుని ఆడితే అలవాటు కాదు సరికదా ఇంకా ముదురుతుంది. వీఆర్ కళ్లద్దాల జోలికి ఇప్పుడే వెళ్లకండి.

ప్రశ్న: ఆర్టీసీలో ముప్పై ఏళ్లు బస్సు తోలాను. ఒక్క యాక్సిడెంటు లేదు. మనవడు స్టీరింగు తెచ్చి ఐరేసింగ్ ఆడిస్తే తిన్నగా కూడా పోలేకపోతున్నాను. వాడు నవ్వుతున్నాడు.
- రిటైర్డ్ డ్రైవరు, ఒంగోలు

జవాబు: నవ్వనివ్వండి, నాలుగు వారాల తర్వాత చూద్దాం. మీరు ఇన్నేళ్లూ బస్సును సీటుతో తోలారు. వెనక ఎంతమంది నిలబడ్డారో, రోడ్డు ఎక్కడ జారుతోందో నడుముకే తెలిసిపోయేది. ఇక్కడ ఆ కబురు సీటు నుంచి రాదు. చేతుల్లోకి వస్తుంది, చెవుల్లోకి వస్తుంది. జారబోయే ముందు టైరు కూత మారుతుంది, స్టీరింగు ఒక్కసారిగా తేలికవుతుంది. అందుకే శబ్దం పెద్దదిగా పెట్టుకుని, పాటలు ఆపేసి ఆడండి. తిన్నగా పోలేకపోవడానికి కారణం బహుశా బస్సు స్టీరింగులా పెద్ద పెద్దగా తిప్పడం. రేసు కారుకు కొద్దిగా కదిపితే చాలు.

మీ దగ్గర ఉన్నది, మనవడి దగ్గర లేనిది ఒకటుంది. దూరంగా చూసే అలవాటు, ముందే బ్రేకు వేసే అలవాటు. ఐరేసింగ్‌లో కొత్తవాళ్లకు ఇచ్చే చిన్న మాజ్డా ఎంఎక్స్-5 కారుకు ఆ రెండే కావాలి. అక్కడ గెలుపుతో పాటు ఎంత భద్రంగా నడిపారో కూడా లెక్కేస్తారు. ఆ లెక్క బాగుంటేనే పై తరగతి లైసెన్సు ఇస్తారు. మీకిది కొత్తేమీ కాదు.

రేసుల గోల విసుగనిపిస్తే యూరో ట్రక్ సిమ్యులేటర్ 2 పెట్టించుకోండి. అందులో బ్రిటన్ రోడ్లున్నాయి, మనలాగే ఎడమవైపు నడవొచ్చు.

ప్రశ్న: ఆన్‌లైన్‌లో దిగిన ప్రతిసారీ మొదటి మలుపులోనే ఎవరో ఒకరు గుద్దేస్తున్నారు.
- డిగ్రీ విద్యార్థి, హైదరాబాద్

జవాబు: మొదటి మలుపుకి అందరూ ఒకే చోటికి చేరతారు, ముందువాడు మామూలు కంటే ముందే బ్రేకు వేస్తాడు. మీరూ ప్రాక్టీసులో వేసే చోటుకంటే చాలా ముందే వేయండి. ముందు కారు తోకకు అతుక్కుని పోవద్దు, అతుక్కుంటే మీకు బ్రేకు బోర్డే కనబడదు. కొన్నాళ్లు కావాలని అందరికన్నా వెనక నుంచి బయల్దేరండి. ముందు నలుగురు ఢీకొంటే మీరు పక్కనుంచి వెళ్లిపోవచ్చు. ట్రాక్ దాటి గడ్డిలో పడితే మళ్లీ ఎక్కేముందు వెనక ఎవరొస్తున్నారో చూడండి. తిట్లు తిట్టేవాళ్లుంటారు, చాట్ మూసేయండి.

ప్రశ్న: మన దేశపు ట్రాక్ మీద ఆడాలని ఉంది. దొరుకుతుందా?
- పాఠకుడు, నెల్లూరు

జవాబు: ఫార్ములా వన్ రేసులు 2011 నుంచి 2013 వరకు జరిగిన బుద్ధ్ సర్క్యూట్ ఆ మూడేళ్ల అధికారిక ఎఫ్1 గేముల్లో ఉంది. పొడవు 5.125 కిలోమీటర్లు, మూడో మలుపు తర్వాత పొడవాటి తిన్నని దారి. అసెట్టో కోర్సాలో అయితే అభిమానులు తయారుచేసిన ట్రాకులు కలుపుకోవచ్చు. హుస్సేన్ సాగర్ ఒడ్డున 2023 ఫిబ్రవరి 11న ఫార్ములా ఈ రేసు జరిగినప్పుడు గోడల మధ్య కార్లు ఎలా దూసుకెళ్లాయో చూసినవాళ్లకు అలాంటి వీధి ట్రాక్ మీద మోజు ఉండటం సహజం. కొత్తలో మాత్రం గోడలున్న ట్రాక్ వద్దు.

ప్రశ్న: టాప్ డ్రైవర్ల సెటప్ ఫైళ్లు అమ్ముతున్నారు. కొంటే టైము తగ్గుతుందా?
- బ్యాంకు ఉద్యోగి, గుంటూరు

జవాబు: వాళ్లకు తగ్గుతుంది. వెనకభాగం వదులుగా ఉండేలా వాళ్లు పెట్టుకున్న కారు మీ చేతిలో ప్రతి మలుపులోనూ జారుతుంది. వరసగా పది ల్యాపులు ఒక సెకను తేడా లోపల నడపగలిగేదాకా గేము ఇచ్చిన సెటప్పే ఉంచండి. అప్పుడైతే ఏది మార్చినా తేడా కారు వల్ల వచ్చిందో మీ వల్ల వచ్చిందో తెలుస్తుంది. మొదట ముట్టుకోవలసింది బ్రేకు బలం ముందుకెంత, వెనక్కెంత అన్న పంపకం. కారు గిర్రున తిరిగిపోతుంటే కాస్త ముందుకు జరపండి. ఇంకోటి పెట్రోలు. ఐదు ల్యాపుల పోటీకి ట్యాంకు నిండా పోసుకుని బయల్దేరేవాళ్లు చాలామంది, ఆ బరువంతా ప్రతి మలుపులోనూ మీ బ్రేకులే ఆపాలి.