పాడి ఇంటికి జనరేటరు: కొనేముందు గమనించవలసినవి

కరెంటు పోతే పశువుల తొట్టిలోకి నీరు రాదు, గడ్డి కోసే యంత్రం ఆగిపోతుంది. జనరేటరు కొనదలచినప్పుడు ధర ఒక్కటే చూడక, మూడు విషయాలు గమనిద్దాం.

1. సామర్థ్యం: 1 హెచ్.పి. మోటారు నడిచేటప్పుడు సుమారు 1 కిలోవాటు తీసుకుంటుంది. కాని స్టార్టయ్యే క్షణంలో ఐదారు రెట్ల కరెంటు లాగవచ్చు. చిన్న జనరేటరు అక్కడే ఆగిపోతుంది. కనుక మన మోటారును దానిపై నడిపి చూపించమని అడిగి, ఆ తర్వాతే డబ్బు చెల్లిద్దాం. వాడేటప్పుడు మోటారును ముందు స్టార్టు చేసి, దీపాలు, ఫ్యాన్లు తర్వాత వేద్దాం.

2. ఛేంజోవరు స్విచ్చి: ఇది లేకుండా జనరేటరు తీగను ఇంటి ప్లగ్గులో పెట్టరాదు. ఆ కరెంటు వెనక్కి లైనెక్కితే, ట్రాన్స్‌ఫార్మరు దానిని 11,000 వోల్టులకు పెంచగలదు. కరెంటు లేదనుకొని స్తంభమెక్కిన లైన్‌మన్ ప్రాణం పోతుంది.

3. స్థలం: పొగలోని కార్బన్ మోనాక్సైడు విషవాయువు. దానికి రంగు, వాసన ఉండవు. జనరేటరును ఇంట్లోగాని, పశువుల కొట్టంలోగాని నడపరాదు. ఆరుబయట, తలుపులకు, కిటికీలకు దూరంగా ఉంచాలి.

స్విచ్చి ఖర్చు మిగుల్చుకునే పొదుపు మనకు వద్దు. స్తంభం మీద ఉండేది మన ఊరి మనిషే.