జీమ్యాట్ మినహాయింపు: అడగాలా, వద్దా?

బి.ఎస్సీ. తర్వాత ఎం.బి.ఏ. అనుకునే మిత్రులు తరచు వేస్తున్న ప్రశ్న ఇది. 2020లో కరోనా వల్ల పరీక్షా కేంద్రాలు మూతపడినప్పుడు అమెరికాలో అనేక బిజినెస్ స్కూళ్లు జీమ్యాట్ లేకుండానే దరఖాస్తులు తీసుకున్నాయి. కొన్నిచోట్ల ఆ వెసులుబాటు నేటికీ ఉంది. మన ఐసెట్‌కు అటువంటిది లేదు.

మినహాయింపు అంటే లెక్కల సామర్థ్యం చూడరని కాదు, దానికి వేరే రుజువు చూపమనడం. ఏళ్ల తరబడి ఉద్యోగం చేసినవారికి ఆ అనుభవమే రుజువు. మనబోటివాళ్లకేముంది? డిగ్రీలో గణితం, స్టాటిస్టిక్స్ మార్కులు. గుంటూరు మిర్చి యార్డులో టిక్కీ విప్పి కాయ రంగు చూడందే కొనేవాడెవడూ ధర కట్టడు గదా!

అసలు చిక్కు స్కాలర్‌షిప్పు దగ్గర. చాలాచోట్ల అది ఇచ్చేటప్పుడు స్కోరు కూడా చూస్తారు. పత్తి, మిరప మీద బతికే మా ఇంట్లో ఫీజు రాయితీ లేనిదే విదేశీ చదువు మాటే లేదు. పరీక్ష ఫీజు డాలర్ల లెక్కన కట్టడం నాన్నకు బరువే. అయినా రాయడానికే నిశ్చయించుకున్నాను. పరీక్ష 2 గంటల 15 నిమిషాలు, స్కోరు 5 ఏళ్లు చెల్లుతుంది. లెక్కలు మరచిపోకముందే, ఫైనలియర్‌లో రాసేస్తే, కొన్నాళ్లు ఉద్యోగం చేసి వెళ్లినా పనికొస్తుంది.

స్కాలర్‌షిప్పు అక్కర్లేనివారు, గణితంలో మంచి మార్కులున్నవారు మినహాయింపు అడగవచ్చు. అయితే ముందుగానే అడగాలి; కాదన్నారంటే పరీక్షకు చదువుకొనే వ్యవధి మిగలాలి.