విముఖ ఉద్దీపనం అంటే ఏమిటి?

వేడి పెనానికి చెయ్యి తగిలితే ఏం చేస్తారు? చటుక్కున వెనక్కి లాక్కుంటారు. కుళ్ళిన గుడ్డు వాసన వస్తే ముక్కు మూసుకుంటారు. ప్రాణిలో స్పందన కలిగించే దాన్ని శాస్త్రంలో ఉద్దీపనం అంటారు. ప్రాణి తప్పించుకోవాలని చూసే ఉద్దీపనం విముఖ ఉద్దీపనం. అంటే ముఖం తిప్పుకొనేలా చేసేదన్న మాట.

అయితే ఒకరికి విముఖమైనది అందరికీ విముఖం కానక్కరలేదు. పచ్చిమిరపకాయ కొరికితే మన నోరు మండిపోతుంది. రామచిలుక మాత్రం హాయిగా తింటుంది! మిరపలో మంట పుట్టించే కాప్సైసిన్ పక్షుల నాడుల మీద దాదాపు పనిచెయ్యదు. కనుక ఈ మాట వాడేటప్పుడు 'ఏ ప్రాణికి?' అని కూడా చెప్పాలి.

ఇష్టమైనది విముఖంగా మారడం కూడా ఉంది. అమెరికాలో జాన్ గార్షియా, ఆయన సహచరులు ఎలుకలకు శాకరిన్ కలిపిన తియ్యని నీళ్ళిచ్చి, ఆ సమయంలోనే వాటిపై గామా కిరణాలు ప్రసరింపజేశారు. ఈ కిరణాలు ఒంట్లో వికారం కలిగిస్తాయి. తర్వాత ఆ ఎలుకలు తియ్యని నీళ్ళు తాగడం బాగా తగ్గించేశాయి. ఈ ఫలితాలు 1955లో వెలువడ్డాయి. నీళ్ళ రుచి మారలేదు, ఎలుకల అనుభవం మారింది!

జ్వరంలో ఇడ్లీ తిని వాంతి చేసుకున్న మీ తమ్ముడు, జ్వరం తగ్గాక కూడా ఇడ్లీ వద్దంటున్నాడా? మారాం చేస్తున్నాడని కసురుకోకండి. తప్పు ఇడ్లీది కాదు, వాడిదీ కాదు. హాని చేసిందనుకున్న తిండిని మళ్ళీ తిననివ్వకుండా శరీరం వాణ్ణి కాపాడుతోంది, అంతే!