వీధి బొమ్మ

జపాన్ దేశంలో యమగాత అనే ఊరుంది. 1881-82లో ఒక చిత్రకారుడు ఆ ఊరి వీధిని రంగుల్లో గీశాడు. అతని పేరు తకహాషి యుయిచి.

బొమ్మలో ఏముంది? వెడల్పాటి మట్టిరోడ్డు. రోడ్డుకు అటూ ఇటూ కొత్త మేడలు. వీధిలో నడిచే మనుషులు. చివర పెద్ద కచేరీ. మన కలెక్టరాఫీసు లాంటిదన్నమాట. పైన ఆకాశం. అంతే. దేవుళ్లు లేరు, రాజులు లేరు.

తకహాషి 1828లో పుట్టాడు. చిన్నప్పటి నుంచీ తమ దేశపు పద్ధతిలో బొమ్మలు వేసేవాడు. ఒకసారి విదేశాల నుంచి వచ్చిన అచ్చుబొమ్మలు చూశాడు. నిజం వస్తువు ఎదురుగా ఉన్నట్టే ఉన్నాయి! ఆ విద్య నేర్చుకోవాలనుకున్నాడు. 1866లో యొకొహామా రేవుకు వెళ్లి, వర్గ్‌మన్ అనే ఇంగ్లీషు చిత్రకారుని దగ్గర శిష్యుడిగా చేరాడు. అప్పటికి అతని వయసు 38 ఏళ్లు. పెద్దయ్యాక పలక పట్టిన మనకు ఆ కష్టం తెలుసు.

అతను నేర్చుకున్న విద్యలో ఒక కిటుకు ఉంది. రైలు పట్టాల దగ్గర నిలబడి దూరంగా చూడండి. రెండు పట్టాలూ పోనుపోను దగ్గరై కలిసిపోయినట్టుంటాయి. కరెంటు స్తంభాలు పొట్టివైపోతాయి. నిజంగా అవుతాయా? కావు. మన కంటికి అలా కనిపిస్తాయి. ఈ బొమ్మలోనూ అంతే. రోడ్డు అంచులు, ఇళ్ల చూరులు అన్నీ దూరం పోయేకొద్దీ దగ్గరవుతాయి. దాంతో మన చూపు కూడా వాటి వెంటే పోతుంది. పోయి పోయి ఎక్కడ ఆగుతుంది? కచేరీ దగ్గర!

ఇది ఊరికే జరిగింది కాదు. బొమ్మ వేయించింది ఆ జిల్లా అధికారి మిషిమా. రోడ్లు, మేడలు కట్టించడమంటే అతనికి మహా పట్టుదల. 1882లో అతను ఫుకుషిమా జిల్లాకు కూడా అధికారి అయ్యాడు. అక్కడి ఐజు ప్రాంతంలో 15 నుంచి 60 ఏళ్ల లోపు ఆడా మగా అందరూ నెలకొక రోజు రోడ్డు పని చేయాలన్నాడు. రెండేళ్లపాటు! రాలేకపోతే మగవారు 15 సెన్నులు, ఆడవారు 10 సెన్నులు కట్టాలి. (నూరు సెన్నులు ఒక యెన్ను.) మనవైపు దీన్నే వెట్టి అనేవారు. రైతులు ఎదురు తిరిగారు. చాలామందిని జైల్లో పెట్టారు.

1884లో మిషిమా తకహాషిని మళ్లీ పిలిచాడు. ఈసారి మూడు జిల్లాల్లో వేసిన కొత్త రోడ్లను, వంతెనలను గీయమన్నాడు. తకహాషి ఊరూరా తిరిగి గీశాడు. 1885లో వాటిని పుస్తకంగా అచ్చు వేశారు. రైతుల తిరుగుబాటు అందులో లేదు. తకహాషి గొప్ప పనివాడు, ఒప్పుకోవాల్సిందే. కానీ డబ్బిచ్చినవారు చూపమన్నదే చూపాడని నాకనిపిస్తుంది.

1911లో యమగాతలో పెద్ద అగ్నిప్రమాదం జరిగింది. కచేరీ కాలిపోయింది. బొమ్మ మిగిలింది. ఆ వీధి ఎలా ఉండేదో ఇప్పటివారికి అది చెబుతోంది.

మాట్లాడుకుందాం: మీ ఊరి రోడ్డు ఎవరు వేశారు? కూలి ఎంత ఇచ్చారు? ఆ రోడ్డు బొమ్మ మీరే గీస్తే చివర ఏం పెడతారు? పలక మీద గీసి చూడండి.