అంతర్జాలంలో నామకరణం

షోడశ సంస్కారాలలో నామకరణం ఒకటి. శిశువుకు పెట్టిన పేరు లోకంలో మరొకరికి ఉన్నంతమాత్రాన బాధ లేదు. ఒకే వీధిలో ముగ్గురు వెంకటేశ్వరరావులున్నా ఇంటిపేరు వారిని వేరుపరుస్తుంది. అంతర్జాలంలో ఆ వెసులుబాటు లేదు. అక్కడ ఒక పేరు ఒక్కరికే చెందుతుంది.

కంప్యూటర్లు ఒకదానినొకటి సంఖ్యలతో గుర్తిస్తాయి. మనుషులకు సంఖ్యలకంటె పేర్లు సులభంగా జ్ఞాపకముంటాయి. తొలినాళ్లలో ఏ పేరుకు ఏ సంఖ్యయో తెలిపే పట్టికను అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థలో ఒకే దస్త్రంగా నిర్వహించేవారు. యంత్రాలు పెరిగేకొద్దీ అది మోయలేని భారమయింది. 1983లో పాల్ మొకపెట్రిస్ రూపొందించిన వ్యవస్థ ఆ భారాన్ని అనేక సర్వర్లకు పంచింది. ఈ వ్యవస్థలో నమోదయ్యే పేరే డొమైన్ నేమ్. 1985 మార్చి 15న నమోదైన సింబాలిక్స్.కామ్ '.కామ్' పేర్లలో మొదటిది.

నియమాలు స్వల్పం. చుక్కకు ముందున్న భాగం 63 అక్షరాలకు మించరాదు. రోమన్ అక్షరాలు, అంకెలు, అడ్డగీత చెల్లుతాయి. అడ్డగీత మొదట గాని చివర గాని రాకూడదు. పదాల మధ్య ఖాళీ ఉండదు.

అసలు చిక్కు తెలుగు మాటను రోమన్ లిపిలో రాయవలసి వచ్చినప్పుడు మొదలవుతుంది. అనకాపల్లి జిల్లాలోని ఏటికొప్పాక లక్కబొమ్మలకు ప్రసిద్ధి. అంకుడు కర్రతో చేసి, సహజమైన రంగులద్దే ఆ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించింది. అక్కడి కళాకారుడొకడు తన బొమ్మల విక్రయానికి వెబ్‌సైటు పెట్టదలచాడనుకుందాం. ఊరిపేరును కొందరు 'ఇ' అనే ఆంగ్లాక్షరంతోను, కొందరు 'వై', 'ఇ' అనే రెండక్షరాలతోను ఆరంభిస్తారు. 'కొప్పా'లోని దీర్ఘానికి ఒక 'ఏ' చాలునా, రెండు కావలెనా? ఫోనులో పేరు విన్నవాడు ఏ రూపాన్ని టైపు చేస్తాడో చెప్పలేం. ఒక్క అక్షరం మారితే అతడు మరొకరి దుకాణానికి చేరవచ్చు. కళాకారునికి రావలసిన బేరం అంతటితో పోతుంది.

'త'కారాన్ని కొందరు 'టి' అనీ, కొందరు 'టి, హెచ్' అనీ రాయడం మనకు నిత్యానుభవమే. 'మన కళ' అని పెట్టుకున్న పేరు రోమన్ లిపిలో 'మన కల'గా కూడ చదవబడుతుంది. పింగళి సూరన రాఘవపాండవీయంలో ఒకే పద్యం రెండర్థాలివ్వడం కవి ప్రతిభ. వెబ్ చిరునామాలో అది దోషం. కనుక ఒకసారి వినగానే సందేహం లేకుండా రాయగలిగిన పేరే ఉత్తమం. రెండు రూపాలూ వాడుకలో ఉంటే రెండింటినీ నమోదు చేసి, రెండవదానిని మొదటిదానికి మళ్లించడం మేలు. ఇక ఊరిపేరు ఊరందరిదీ. దానిని ఒక్కడే సొంతం చేసుకోవడం కంటె తన దుకాణం పేరును జతచేసుకోవడం న్యాయంగా ఉంటుంది.

పేర్ల పోలిక న్యాయస్థానాలకూ ఎక్కింది. సత్యం ఇన్ఫోవే సంస్థ తన పేరులోని అక్షరాలతో 'సిఫీ' అనే మాటను కల్పించుకొని, 1999లో సిఫీనెట్.కామ్ మొదలైన పేర్లను నమోదు చేసుకుంది. తరువాత మరొక సంస్థ అదే మాటలో 'ఎఫ్' అక్షరాన్ని రెట్టించి తన పేరుగా వాడుకుంది. చెవికి రెండింటికీ భేదం తెలియదు. బెంగుళూరు సివిల్ కోర్టు సత్యం సంస్థకు అనుకూలంగా ఉత్తర్వు ఇవ్వగా హైకోర్టు దానిని తోసిపుచ్చింది. 2004లో సుప్రీంకోర్టు మరల సత్యం పక్షాన తీర్పు చెప్పింది. డొమైన్ పేరు కేవలం చిరునామా కాదనీ, వ్యాపార నామానికి లభించే రక్షణ దానికీ వర్తిస్తుందనీ ఆ తీర్పు సారాంశం.

తెలుగు లిపిలోనే పేరు పెట్టుకొనే వీలు కూడ నేడున్నది. తెలుగు అక్షరాలలో '.భారత్' అనే తుదిపదం ఏర్పడింది. అయితే యంత్రం లోలోపల ఆ పేరును రోమన్ సంకేతంగా మార్చుకుంటుంది. తెలుగు కీబోర్డు లేనివారికోసం రోమన్ పేరునూ ఉంచుకోవలసి వస్తున్నది. '.కామ్' దొరకనివారికి 2005 నుండి అందరికీ అందుబాటులోకి వచ్చిన '.ఇన్' ఉండనే ఉన్నది.

పేరు కుదిరిన తరువాత నమోదు ఎవరి పేరిట జరుగుతున్నదో చూడాలి. వెబ్‌సైటు తయారుచేసి ఇచ్చేవారు తమ పేరిట నమోదు చేసుకుంటే, తగవు వచ్చిననాడు అసలు యజమానికి హక్కు నిరూపించుకోవడం కష్టం. పైగా డొమైన్ పేరు శాశ్వతంగా కొన్నది కాదు, అద్దెకు తీసుకున్నది. '.కామ్' పేరును ఒక విడతలో 10 సంవత్సరాలకు మించి తీసుకోరాదు. రుసుము చెల్లించక పేరు తొలగిపోతే, పూర్వయజమాని అదనపు రుసుముతో దానిని విడిపించుకోవడానికి 30 రోజుల గడువుంటుంది. ఆ గడువు తీరిన కొద్దిరోజులకు, ముందుగా అడిగినవారికే ఆ పేరు చెందుతుంది.