చల్లని రుచి వెనుక శాస్త్రం

వేసవి సెలవులలో కారు ప్రయాణాలు చేసే అమెరికాలోని తెలుగు కుటుంబాలకు చిన్న ఊళ్ళలోని ఐస్‌క్రీమ్ అంగళ్ళు సుపరిచితాలే. అద్దాల పెట్టెలో రకరకాల రంగులు వరుసగా అమరి ఉంటాయి. ఏది కావాలో తేల్చుకోలేనివారికి చాలా అంగళ్ళలో చిన్న చెంచాతో రుచి చూపిస్తారు. ఆ చెంచాడు పదార్థంలో భౌతిక, రసాయన, శరీరధర్మ శాస్త్రాలు మూడూ ఇమిడి ఉన్నాయి. వాటిని ఎరిగినవారు రుచిని మరింత బాగా ఆస్వాదించగలరు. ఇంటిల్లిపాదికీ తగినదానిని ఎంచుకోగలరు.

పుల్ల ఐసు చెప్పే పాఠం

ఐస్‌క్రీమ్ ఒకే ముద్దగా కనబడినా అందులో సన్నని మంచు స్ఫటికాలు, గాలి బుడగలు, వెన్న కణాలు, వీటన్నిటినీ చుట్టుకొని చిక్కని పంచదార పాకం ఉంటాయి. స్వచ్ఛమైన నీరు 0 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద గడ్డకడుతుంది. పంచదార కలిసిన పాలమిశ్రమం అంతకన్న రెండు మూడు డిగ్రీలు తగ్గితే గాని గడ్డకట్టడం మొదలుకాదు. కొంత నీరు మంచుగా విడిపోయినకొద్దీ మిగిలిన పాకం చిక్కబడి, గడ్డకట్టడం మరింత కష్టమవుతుంది. ఐస్‌క్రీమ్ రాయిలా బిగుసుకుపోకపోవడానికి ఇది ముఖ్య కారణం.

తెలుగునాట పుల్ల ఐసు తిన్నవారికి ఈ సంగతి అనుభవపూర్వకంగా తెలిసినదే. గట్టిగా పీల్చితే రంగూ తీపీ నోటిలోకి వచ్చి, పుల్లకు తెల్లని మంచు మిగిలిపోతుంది. మంచు స్ఫటికం పెరిగేటప్పుడు పంచదారను, రంగును తనలో చేరనీయక పక్కకు నెట్టివేస్తుంది. అవి స్ఫటికాల సందులలో పాకంగా నిలిచి ఉంటాయి. పీల్చినప్పుడు వచ్చేది ఆ పాకమే.

చిలకడం ఎందుకు?

కదపకుండా గడ్డకట్టిస్తే స్ఫటికాలు పెద్దవై నాలుకకు గరుకుగా తగులుతాయి. అందుచేత ఐస్‌క్రీమ్‌ను చిలుకుతూ గడ్డకట్టిస్తారు. 1843లో అమెరికాలో నాన్సీ జాన్సన్ అనే మహిళ చేతితో తిప్పే ఐస్‌క్రీమ్ యంత్రానికి పేటెంటు పొందింది. ఇటువంటి యంత్రంలో బాల్చీలో ఉప్పు కలిపిన మంచు, దాని నడుమ పాలడబ్బా ఉంటాయి. ఉప్పు తగిలిన మంచు 0 డిగ్రీల కన్న తక్కువ ఉష్ణోగ్రత వద్దనే కరుగుతూ, అందుకు కావలసిన వేడిని పాలనుండి లాగుకొంటుంది. తిరిగే తెడ్డు డబ్బా గోడకు పట్టిన మంచును గీకివేస్తూ స్ఫటికాలను సన్నగా ఉంచుతుంది, గాలినీ చేరుస్తుంది.

ఈ గాలి పాలు అంగడికీ అంగడికీ మారుతుంది. అమెరికా ప్రభుత్వ నిబంధన ప్రకారం ఒక గ్యాలను ఐస్‌క్రీమ్ నాలుగున్నర పౌండ్లకు తగ్గరాదు. గాలి చేరని మిశ్రమమైతే సుమారు 9 పౌండ్లు తూగుతుంది. అనగా చవక రకంలో సగం వరకు గాలియే ఉండవచ్చును. పాలను మరగబెట్టి, చిలకకుండా గడ్డకట్టించే కుల్ఫీ బరువుగా ఉండటానికి కారణం అందులో గాలి లేకపోవడమే.

నాలుక కన్న ముక్కే ముఖ్యం

చల్లదనం తీపిని అణచివేస్తుంది. రుచిని మెదడుకు తెలిపే కణాలలోని ఒక సూక్ష్మద్వారం వెచ్చదనం పెరిగినకొద్దీ చురుకుగా పనిచేస్తుందని 2005లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు. కరిగిన ఐస్‌క్రీమ్ మొహం మొత్తేటంత తీపిగా తోచడానికి ఇదొక కారణం. ఇక వెనిల్లాకూ మామిడికీ కాఫీకీ గల తేడాను ప్రధానంగా గుర్తించేది నాలుక కాదు, ముక్కు. నోటి వెచ్చదనానికి పరిమళాలు ఆవిరై గొంతు వెనుకనుండి ముక్కును చేరుతాయి.

దీనికి చక్కని ఉదాహరణ బెన్ కోహెన్. ఆయన మిత్రుడు జెర్రీ గ్రీన్‌ఫీల్డ్‌తో కలిసి, పెన్సిల్వేనియా స్టేట్ విశ్వవిద్యాలయం వారి పోస్టల్ పాఠాలతో ఐస్‌క్రీమ్ తయారీ నేర్చుకొని, 1978లో వెర్మాంట్ రాష్ట్రంలోని బర్లింగ్టన్‌లో ఒక పాత పెట్రోలు బంకులో అంగడి తెరిచాడు. ఆ రాష్ట్రంలో అదే పెద్ద నగరమైనా, తెలుగునాటి లెక్కలో చిన్న పట్టణమే. కోహెన్‌కు వాసన పసిగట్టే శక్తి బహు తక్కువ. కనుకనే నోటికి పలుకు తగిలేట్టు పెద్ద పెద్ద ముక్కలు కలపడంపై దృష్టి పెట్టాడు. ఆ ముక్కలే వారి ఐస్‌క్రీమ్‌కు పేరు తెచ్చాయి.

కాబట్టి రుచి చూసేటప్పుడు వెనిల్లా వంటి సున్నితమైన రకంతో మొదలుపెట్టి, పండ్ల రకాలు, చివరకు చాక్లెట్, కాఫీ చూడటం మంచిది. వెంటనే మింగక కొద్దిసేపు నాలుకపై కరగనివ్వాలి. ముక్కు మూసుకొని ఒక చెంచా, తెరిచి మరొక చెంచా తింటే పిల్లలకు ఈ పాఠం ఇట్టే బోధపడుతుంది.

చెంచా అందుకొనే ముందు

శాకాహారులు గమనించవలసిన విషయాలు కొన్ని ఉన్నాయి. ఫ్రెంచ్ వెనిల్లాలోను, ఫ్రోజెన్ కస్టర్డ్‌లోను గుడ్డు పచ్చసొన నిబంధన ప్రకారమే ఉంటుంది. మామూలు రకాలలోనూ కొద్దిగా ఉండవచ్చును. మార్ష్‌మాలో ముక్కలలో సాధారణంగా జంతువుల చర్మం, ఎముకల నుండి తీసిన జెలటిన్ ఉంటుంది. పాలు అరగనివారు పాలు కలపని సార్బే కోరుకోవచ్చును.

అన్నిటికన్న ముఖ్యమైనది వేరుశనగ, బాదం వంటివి పడని పిల్లల సంగతి. ఒకే గరిటె అన్ని డబ్బాలలోనూ తిరిగితే, పప్పులు లేని రకంలోనూ వాటి అంశ చేరగలదు. నీటిలో ముంచి తీసినంత మాత్రాన ఆ గరిటె శుభ్రపడినట్లు కాదు. అలర్జీ తీవ్రమైనదైతే రుచి చూపించే చెంచా జోలికే పోరాదు. సీలు వేసిన డబ్బాను, దానిపై ముద్రించిన వివరాలు చదివిన పిమ్మటనే కొనవలెను. చిన్న ఊరి అంగడివారు తమ సరుకు గురించి అడిగితే సంతోషంగానే చెబుతారు. అడగడానికి మొహమాటపడవలసిన పని లేదు.