పాత ఫోల్డర్లు ఎక్కడికీ పోలేదు

ప్రశ్న: మా సంస్థ ప్రధాన కార్యాలయం విశాఖపట్నంలో ఉంది. సీతంపేట శాఖలో ఆరుగురం పనిచేస్తున్నాం. మెయిల్ సర్వర్‌ను ఎక్స్ఛేంజ్ 2010 నుంచి 2016కు మారుస్తున్నారు. పోయిన వారం నా మెయిల్‌బాక్స్ కొత్త సర్వర్‌లోకి వెళ్లింది. అప్పట్నుంచి అవుట్‌లుక్‌లో పబ్లిక్ ఫోల్డర్లు తెరుచుకోవడం లేదు. పసుపు, జీడిపిక్కల కొనుగోలు లెక్కలు పదేళ్లవి వాటిలోనే ఉన్నాయి. పక్క సీటాయనకు మాత్రం అన్నీ కనిపిస్తున్నాయి. నావి పోయినట్టేనా?
– ఒక పాఠకుడు, సీతంపేట

జవాబు: పోలేదు. పక్క సీటాయనకు కనిపిస్తున్నాయని రాశారు చూడండి, జవాబు అక్కడే ఉంది. ఆయన మెయిల్‌బాక్స్ ఇంకా పాత సర్వర్‌లోనే ఉంది, ఫోల్డర్లూ అక్కడే ఉన్నాయి. మీరొక్కరే ముందు కదిలారు. 2022 ఏప్రిల్ 4న మీ మండలం శ్రీకాకుళం జిల్లా నుంచి పార్వతీపురం మన్యం జిల్లాలోకి వచ్చింది. జిల్లా పేరు ఆ రోజే మారింది గానీ, పాత దస్త్రాల బీరువాలు ఆ రోజే నడిచి రాలేదు కదా! ఇదీ అంతే.

ఎక్స్ఛేంజ్ 2010 దాకా పబ్లిక్ ఫోల్డర్లకు విడిగా ఒక డేటాబేస్ ఉండేది. 2013 నుంచి ఆ పద్ధతి తీసేసి, వాటిని ప్రత్యేకమైన మెయిల్‌బాక్సుల్లో పెడుతున్నారు. పాత డేటాబేస్ ఎక్కడుందో కొత్త సర్వర్‌కు దానంతటదే తెలియదు. ఎవరో ఒకరు చెప్పాలి. మీ విశాఖ వాళ్లు ఆ చెప్పడమే మరిచినట్టున్నారు.

వాళ్లకు ఇలా రాయండి. పబ్లిక్ ఫోల్డర్లున్న పాత సర్వర్‌లో క్లయింట్ యాక్సెస్ పాత్ర కూడా ఉండాలి. అక్కడే ఒక ఖాళీ మెయిల్‌బాక్స్ డేటాబేస్ తెరవాలి. అందులోకి మామూలు ఉద్యోగుల మెయిల్‌బాక్సులు చేరకుండా కట్టడి చేసి, ఒక ప్రాక్సీ మెయిల్‌బాక్స్ సృష్టించి, దాన్ని చిరునామాల జాబితాలో కనబడకుండా దాచాలి. తర్వాత కొత్త సర్వర్‌లో సంస్థ సెట్టింగుల్లో పబ్లిక్ ఫోల్డర్లు ‘రిమోట్’ అని పెట్టి, ఆ ప్రాక్సీ పేరు ఇవ్వాలి. ఇక మీ అవుట్‌లుక్ ఆ ప్రాక్సీ దారి పట్టుకుని పాత సర్వర్‌కు వెళ్తుంది. ఇంత చేసినా తెరుచుకోకపోతే నేనైతే మొదట చూసేది పాత సర్వర్‌లో అవుట్‌లుక్ ఎనీవేర్ పనిచేస్తోందా లేదా అని. ఎక్కువమంది తడబడేది అక్కడే. సెట్టింగు మార్చిన మరుక్షణమే ఫలితం రాదు. కాస్త ఆగి అవుట్‌లుక్ మూసి తెరవండి.

ప్రశ్న: ఫోల్డర్లనే ముందు కొత్త సర్వర్‌కు మార్చేస్తే ఈ తిప్పలుండవు కదా?
– ఆయనే

జవాబు: అలా చేస్తే మీ బాధ పక్క సీటాయనకు వస్తుంది, దానికి మందు కూడా లేదు. కొత్త సర్వర్‌లో ఉన్నవాళ్లు పాత ఫోల్డర్లు చూడగలరు. పాత సర్వర్‌లో ఉన్నవాళ్లు కొత్త ఫోల్డర్లు చూడలేరు. దారి ఒకవైపే. అందుకే ముందు మనుషులు, తర్వాత ఫోల్డర్లు. ఆఖరి మెయిల్‌బాక్స్ కూడా వెళ్లాకే ఫోల్డర్ల పని మొదలవ్వాలి.

ఆ రోజు కోసం ఒక మాట. నకలు చాలా భాగం తెర వెనుక జరుగుతుంది, మీ పని ఆగదు. చివర్లో మాత్రం పాత ఫోల్డర్లకు తాళం వేస్తారు, అంతా అయ్యేదాకా ఎవరికీ తెరుచుకోవు. ఫోల్డర్ల చిరునామాలకు వచ్చే మెయిళ్లు క్యూలో ఆగి తర్వాత చేరతాయి. ఆ తాళం సంత రోజున, కొనుగోళ్ల వేళ పడకుండా ముందే మాట్లాడుకోండి. ఇంకొకటి: ఫోల్డర్ పేరులో వెనక్కి వాలిన గీత ఉంటే మార్పిడిలో చిక్కు. మనవాళ్లకు ‘జీడి 2014’ పక్కన గీత గీసి ‘15’ అని రాసే అలవాటుంది. ఆ పేర్లు ఇప్పుడే సరిచేయండి.

ప్రశ్న: కొండ మీది ఊళ్లకు వెళ్లినప్పుడు బ్రౌజర్లో చూసుకోవచ్చా?
– ఆయనే

జవాబు: మీ మెయిల్‌బాక్స్ కొత్తదాంట్లో, ఫోల్డర్లు పాతదాంట్లో ఉన్నంతకాలం కుదరదు. అవుట్‌లుకే దిక్కు. వెళ్లేముందు కావలసిన లెక్కలు ల్యాప్‌టాప్‌లోకి దించుకోండి.

మీరడగలేదు గానీ, ఎక్స్ఛేంజ్ 2010కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2020 అక్టోబరు 13నే ముగిసింది. 2016కు కూడా 2025 అక్టోబరు 14తో ముగిసింది. 2010 పక్కన 2019ని నిలబెట్టడం కుదరదు కాబట్టి మధ్యలో 2016 లాంటి మెట్టు ఒకటి తప్పదు. అయితే అది మజిలీయేనా, అక్కడే ఆగిపోతారా అన్నది మీ విశాఖ వాళ్లను రాతపూర్వకంగా అడగండి.